నిన్నటి ఎఫ్‌ఐఆర్ నుంచి నూరేళ్ల నాటి రిజిస్టరు దాకా: మా ప్రాంతంలో పోలీసు రికార్డులు పొందే సేవపై ఒక సమీక్ష

గత ఏడాదిన్నరలో మూడు అవసరాల మీద నేను పోలీసు కాగితాల వెంట తిరగవలసి వచ్చింది. మొదటిది మా పక్కింటి అన్న రోడ్డు ప్రమాదానికి సంబంధించిన ఎఫ్‌ఐఆర్ నకలు. రెండవది 1994లో మా మేనమామ మీద నమోదైన ఒక కేసు చివరికి ఏమైందో తెలిపే కాగితం. మూడవది, నాతోపాటు బడిలో చాలాకాలం పనిచేసి రిటైరైన ఒక మిత్రుడి నాయనమ్మ పేరు కావలి సెటిల్‌మెంటు (నేరస్థ తెగలని ముద్ర వేసిన కుటుంబాలను ఉంచిన చోటు) రికార్డులలో ఎక్కడైనా మిగిలి ఉందేమో వెతకడం. ఈ మూడింటిలో నిన్నటి కాగితం పది నిమిషాలలో చేతికి వచ్చింది. నూరేళ్ల నాటి కట్టలు రైలెక్కి వెళ్తే చూడనిచ్చారు. నడుమ ఉన్న ముప్పై ఏళ్ల నాటి కేసు, అంటే బతికి ఉన్న మనిషికి ఇవాళ అక్కరకు రావలసిన కాగితం, సంపాదించడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఈ సేవను వాడుకోవలసి వచ్చేవారికి ఉపయోగపడుతుందన్న ఆశతో నా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను. మమ్మల్ని ఇబ్బంది పెట్టిన స్టేషను పేరు, కార్యాలయం పేరు ఇక్కడ రాయను. అదే చోట మాకు సాయం చేసినవారూ ఉన్నారు.

పక్కింటి అన్నకు ప్రమాదం 2024 వర్షాకాలంలో జాతీయ రహదారి మీద జరిగింది. అప్పటికి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చి కొద్ది నెలలే అయింది. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చాయి కనుక, ఊళ్లో అందరికీ నోటికి వచ్చిన 279, 338 సెక్షన్లకు బదులు ఆ ఎఫ్‌ఐఆర్‌లో 281, 125 అన్న అంకెలు కనిపించాయి. అది చూసి మా వదిన, కేసు తప్పుగా కట్టారేమోనని రెండు రోజులు దిగులుపడింది. ఫిర్యాదు కాగితం మీద సంతకం పెట్టించుకున్న రోజున ఆమె చేతికి స్టేషనువారు నకలు ఇవ్వలేదు. చిన్న చీటీ మీద నంబరు రాసి ఇచ్చారు. నిజానికి కొత్త నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం సమాచారం ఇచ్చిన వ్యక్తికి లేదా బాధితుడికి ఎఫ్‌ఐఆర్ నకలును వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. పాత చట్టంలోని 154వ సెక్షన్ కింద కూడా ఫిర్యాదుదారుకు నకలు ఉచితమే. పల్లె నుంచి వచ్చినవారు మర్యాదకో, జంకుకో అడగరు. అడగనివారికి ఇవ్వకుండా ఊరుకోవడం ఈ సేవలో నాకు కనిపించిన మొదటి లోపం.

ఆ చీటీ మీది నంబరుతో పోలీసు శాఖ పౌర సేవల వెబ్‌సైటులో జిల్లా, స్టేషను, సంవత్సరం ఎంచుకుని వెతికితే ఎఫ్‌ఐఆర్ వచ్చింది. నెట్ సెంటరులో ప్రింటు తీయించి వదినకు ఇచ్చాను. ఈ సౌకర్యం వెనుక ఒక తీర్పు ఉంది. 2016 సెప్టెంబరు 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు, నమోదైన ప్రతి ఎఫ్‌ఐఆర్‌నూ 24 గంటలలోగా వెబ్‌సైటులో పెట్టాలని, నెట్ సరిగా అందని మారుమూల ప్రాంతాలలో 72 గంటల వరకు గడువు తీసుకోవచ్చని ఆదేశించింది. ఆ ఏడాది నవంబరు 15 నుంచి అది అమలులోకి వచ్చింది. లైంగిక నేరాలు, పిల్లలపై నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులకు మినహాయింపు ఉంది. ఏ కేసునైనా సున్నితమైనదని చెప్పి ఆపాలంటే ఆ నిర్ణయం డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి తీసుకోవాలి. అలా ఆపివేసినందువల్ల నష్టపోయామనుకునేవారు ఎస్పీకి దరఖాస్తు పెడితే, ఆయన ముగ్గురు అధికారుల కమిటీ వేసి, ఆ కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి. ఈ చివరి ఏర్పాటు గురించి మా ప్రాంతంలో వకీళ్లు కూడా తక్కువగా చెబుతారు కాబట్టి ప్రత్యేకంగా రాస్తున్నాను.

కాగితం చేతికి వచ్చాక దానిని చదవడం తెలియాలి. ఎఫ్‌ఐఆర్ అనగానే అందరూ ఫిర్యాదు సారాంశం ఉన్న చివరి భాగానికే వెళ్తారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనవి చిన్న గడులు. మూడవ గడిలో నేరం జరిగిన సమయం, స్టేషనుకు సమాచారం అందిన సమయం, దానిని నమోదు చేసిన జనరల్ డైరీ (స్టేషను రోజువారీ పుస్తకం) వివరం ఉంటాయి. అయిదవ గడిలో సంఘటన స్థలం స్టేషనుకు ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో రాస్తారు. ఎనిమిదవ గడిలో ఫిర్యాదు ఆలస్యమైతే కారణం రాయాలి. చివరి గడిలో ఎఫ్‌ఐఆర్‌ను కోర్టుకు పంపిన తేదీ, సమయం ఉంటాయి. పల్లెలో ఒక మనిషి ప్రమాదంలో పడితే మొదట ఆసుపత్రికి పరుగెత్తుతాం. కేసు సంగతి ఆలోచించేది మరునాడో, మూడవనాడో. ఆ రెండు రోజుల ఆలస్యానికి కారణం ఎనిమిదవ గడిలో రాయించుకోకపోతే, తరువాత నష్టపరిహారం దగ్గర బీమా కంపెనీ తరఫు వకీలు మొదట పట్టుకునేది ఆ ఖాళీనే. వదిన ఇచ్చిన ఫిర్యాదులో ఆసుపత్రి మాట ఉంది, గడిలో లేదు. ప్రింటు తీసిన రోజే అది గమనించి, ఆసుపత్రిలో చేర్చిన కాగితాలను జతచేసి స్టేషనులో మరో అర్జీ ఇచ్చాం. వెబ్‌సైటు లేకపోతే ఆ లోపం మాకు ఎప్పటికి తెలిసేదో చెప్పలేను. అందుకే ఈ ఒక్క సేవను నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయిదు మార్కులకు నాలుగున్నర ఇస్తాను.

ఆ తగ్గించిన అర మార్కు నంబరు గురించి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సంవత్సరం, స్టేషను పేరు చేతిలో లేనివారికి ఈ తలుపు తెరుచుకోవడం కష్టం. పేరుతో వెతికే వీలు ఇవ్వాలని కొందరు అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. అమెరికాలో ఉంటున్న మా అక్క కొడుకు చెప్పిన దాని ప్రకారం, అక్కడ పల్లె కౌంటీలలో ప్రజలు ఓటు వేసి షెరీఫ్‌ను ఎన్నుకుంటారు. చాలా కౌంటీల జైళ్లలో ఆ రోజు ఎవరున్నారో పేరు, ఫోటో, అభియోగంతో సహా ఎవరైనా చూడవచ్చు. అక్కడి పద్ధతి అక్కడి చరిత్ర నుంచి వచ్చింది. మన ఊళ్లో ఒక కుర్రవాడి మీద పొలంగట్టు తగాదాలో కేసు పడితే, కోర్టు దానిని కొట్టివేసిన తరువాత కూడా పెళ్లి సంబంధాల దగ్గర ఆ మాట పదేళ్లు తిరుగుతుంది. పేరుతో వెతికే వీలు ఉంటే ఆ మాటకు ఎన్నటికీ చావుండదు. కేసుతో సంబంధం ఉన్నవారికి కాగితం సులువుగా అందాలి, సంబంధం లేనివారికి మనిషి పేరు ఆటవస్తువు కాకూడదు. ఇందుకు సరైన మార్గం ఫిర్యాదుదారుకు ఆ రోజే నకలు ఇవ్వడం. అప్పుడు నంబరు కోసం ఎవరూ వెతుక్కోనక్కరలేదు.

కేసు తరువాతి దశలకు సంబంధించిన కాగితాల సంగతి వేరు. కొత్త సంహిత 193వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదుదారుకు లేదా బాధితుడికి తెలియజేయాలి. 230వ సెక్షన్ ప్రకారం ముద్దాయి కోర్టుకు హాజరైన 14 రోజులలోగా పోలీసు నివేదిక, వాంగ్మూలాల నకళ్లు ముద్దాయికీ, వకీలును పెట్టుకున్న బాధితుడికీ ఉచితంగా అందాలి. ఛార్జిషీటును మాత్రం ఎఫ్‌ఐఆర్‌లాగా అందరికీ వెబ్‌సైటులో పెట్టనక్కరలేదని, అది సాక్ష్య చట్టం చెప్పే పబ్లిక్ డాక్యుమెంటు కాదని 2023 జనవరి 20న సౌరవ్ దాస్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి మూడో మనిషిగా వెళ్లి ఛార్జిషీటు అడిగితే స్టేషనులో ఇవ్వరు. అది వారి తప్పు కాదు.

ఇక రెండవ కథ. మా మేనమామ కూతురు విదేశంలో ఉంది. ఆమె దగ్గరకు వెళ్లడానికి వీసా కోసం పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ కావలసి వచ్చింది. విచారణకు వచ్చిన కానిస్టేబులు, పాత రిజిస్టరులో 1994 నాటి కేసు ఒకటి కనిపిస్తున్నదని, ఎలా ముగిసిందో రాసే గడి ఖాళీగా ఉందని, ముగిసినట్టు కాగితం తెస్తే రిపోర్టు పంపుతామని మర్యాదగానే చెప్పాడు. అది కాలువ నీళ్ల దగ్గర రెండు కుటుంబాల మధ్య జరిగిన తోపులాట. ఆ రెండు కుటుంబాలూ తరువాత వియ్యమందాయి. కోర్టులో రాజీ అయి కేసు పోయిందని మామకు గుర్తుంది, వాయిదాలకు తిరిగిన కోర్టు గుర్తుంది, వకీలు గుర్తున్నాడు. ఆ వకీలు ఇప్పుడు లేడు. కాగితం మాత్రం ఏదీ మిగలలేదు.

ఈ చిక్కు ఒక్క మామది కాదని, మా ప్రాంతపు చరిత్రలోనే ఉందని తిరిగినకొద్దీ అర్థమైంది. 1801లో ఆర్కాటు నవాబు నుంచి నెల్లూరు సీమ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ గ్రామపెద్దకే ఊరి పోలీసు బాధ్యత అప్పగించింది. మన పెద్దలు చెప్పే మునసబు, ఆయన కింద తలారి ఆ ఏర్పాటులోని మనుషులే. 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చి జీతం తీసుకునే పోలీసు దళం ఏర్పడిన తరువాత కూడా, ఊళ్లో దొంగతనం జరిగినా శవం దొరికినా మొదటి రిపోర్టు మునసబు చేతి రాతతోనే స్టేషనుకు వెళ్లేది. అంటే నేరం గురించిన మొదటి కాగితం ఒక ఇంట్లో, ఒక చెక్కపెట్టెలో ఉండేది. 1984లో రాష్ట్ర ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. భూమి లెక్కలను స్వాధీనం చేసుకోవడం మీద పెట్టిన శ్రద్ధ ఈ రిపోర్టు పుస్తకాల మీద ఎవరూ పెట్టలేదు. మా ఊరి మునసబుగారింట్లో కొన్ని పుస్తకాలు చెదలు పట్టి ఉండగా చిన్నతనంలో నేనే చూశాను. ఆ మరుసటి ఏడాది, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి.

పై స్థాయిలో జిల్లాలే మారాయి. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు; కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి వెళ్లినవే. 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కందుకూరు ప్రాంతాన్ని నెల్లూరులోనూ, అద్దంకి, పర్చూరు, చీరాల ప్రాంతాలను కొత్త బాపట్ల జిల్లాలోనూ కలిపారు. మనుషులు కదలలేదు, పొలాలు కదలలేదు, ఊరు మాత్రం ఒక ఎస్పీగారి కింద నుంచి మరొక ఎస్పీగారి కిందికి వెళ్లింది. అలా మారిన ప్రాంతాలలో మా మామ ఊరు ఒకటి. 1994 నాటి కేసు ఏ జిల్లా రికార్డు గదిలో ఉండాలన్న ప్రశ్నకు జవాబు చెప్పే పలక ఏ కార్యాలయం గోడ మీదా లేదు. జిల్లాలను మార్చే ప్రతి ఉత్తర్వుతోపాటు పాత రికార్డులు ఎక్కడికి వెళ్లాయో ఒక జాబితా ప్రచురించి ఉంటే, నా అంచనాలో మా ఏడు నెలల తిరుగుడులో ఆరు నెలలు తగ్గేవి.

మొదట స్టేషనుకు వెళ్లాం. పాత ఫైళ్లు కోర్టుకే పోయాయని, కోర్టులో అడగమని అన్నారు. కోర్టులో నకళ్ల విభాగానికి వెళ్లాం. సి.సి. నంబరు లేకుండా, అంటే కోర్టు కేసుకు ఇచ్చిన సంఖ్య లేకుండా, కాపీ అప్లికేషను తీసుకోలేమని, ఆ నంబరు స్టేషను రిజిస్టరులో ఉంటుందని చెప్పారు. ఇద్దరూ తప్పు చెప్పలేదు. ఇద్దరి మాటా కలిపితే దారి మూసుకుపోయింది. ఇప్పటి కేసులకైతే 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తేదీ నుంచి తీర్పు దాకా ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. 1994లో కంప్యూటరు లేదు. ఆ నాటి కేసు ఒక లావుపాటి రిజిస్టరులో ఒక వరుసగా మాత్రమే బతికి ఉంటుంది.

అప్పుడు సమాచార హక్కు చట్టాన్ని ఆశ్రయించాను. 2005 నాటి ఈ చట్టం గురించి ఊళ్లో చాలామందికి తెలుసు కానీ, 8వ సెక్షన్‌లోని 3వ ఉపసెక్షన్ గురించి తెలిసినవారు తక్కువ. దరఖాస్తు చేసే నాటికి 20 ఏళ్లు దాటిన సంఘటనకు సంబంధించిన సమాచారాన్ని, దేశ భద్రత, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు వంటి మూడు మినహాయింపుల కిందకు వస్తే తప్ప, ఇవ్వాలని అది చెబుతుంది. దర్యాప్తుకు ఆటంకం, వ్యక్తిగత సమాచారం అన్న సాకులు అంత పాత కేసుకు పనికిరావు. దరఖాస్తులో నేను అడిగినవి రెండే: ఆ సంవత్సరపు రిజిస్టరులో మామ కేసుకు సంబంధించిన వరుస నకలు, ఆ రిజిస్టరును స్వయంగా చూసుకునే అవకాశం. మన రాష్ట్రపు నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. నకలు పేజీకి 2 రూపాయలు. నేను 10 రూపాయలు కట్టాను.

30 రోజుల్లో రావలసిన జవాబు 47వ రోజున వచ్చింది. కోరిన రికార్డు తమ పరిధిలో లేదని, సంబంధిత జిల్లాలో అడగవలసిందని రాశారు. 6వ సెక్షన్ ప్రకారం సమాచారం మరొక కార్యాలయం దగ్గర ఉందని తెలిస్తే, దరఖాస్తును 5 రోజులలోగా వారే అక్కడికి పంపి, ఆ సంగతి మనకు తెలియజేయాలి, తిప్పి పంపకూడదు. నేను కోపంతో కాక, ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ, మర్యాదగా మొదటి అప్పీలు రాశాను. అక్కడి నుంచి పని కదిలింది. అప్పీలు చూసిన అధికారి, రికార్డు ఏ జిల్లాదని వాదించకుండా, స్టేషను పాత గదిని వెతికించారు.

ఆ గదికి మామను తీసుకుని నేనూ వెళ్లాను. స్టేషను రైటరు బీరువా మీది నుంచి దించిన పుస్తకాల దుమ్ము తన చేతిరుమాలుతోనే తుడిచి, "మాస్టారూ, మీరు పేజీలు తిప్పండి, నేను తేదీలు చదువుతా" అని పక్కన కూర్చున్నాడు. డ్యూటీ రాతలు పక్కన పెట్టి రెండు గంటలు మాతో గడిపాడు. వరుస దొరికింది. సి.సి. నంబరు పెన్సిలుతో రాసి ఉంది. తీర్పు గడి ఖాళీగానే ఉంది. ఆ నంబరుతో కోర్టులో అప్లికేషను వేస్తే, కేసు కట్ట తొలగించినా తీర్పు ప్రతి మిగిలి ఉందని తేలింది. సర్టిఫైడ్ నకలు మీద కోర్టు ముద్ర చూసుకుని మామ, "అబ్బయ్యా, ముప్పై ఏళ్లు నేను దొంగనన్నట్టు ఆ పుస్తకంలో ఉన్నానా" అని అడిగాడు. దొంగ అని లేదు మామా, ఏమైందో రాయలేదు, అంతే అని చెప్పాను. ఆయనకు ఆ రెండూ వేర్వేరుగా అనిపించలేదు. ఈ సేవకు నేను అయిదులో రెండు మార్కులు ఇస్తాను. ఆ రెండూ అప్పీలు చూసిన అధికారికీ, ఆ రైటరుకూ చెందుతాయి. తీర్పు వచ్చిన రోజే దాని ఫలితాన్ని స్టేషను రిజిస్టరులో రాయడం ఒక్క నిమిషం పని. ఆ నిమిషం ఎవరూ పెట్టకపోవడం వల్ల, నిర్దోషిగా బయటపడ్డ మనిషి ముప్పై ఏళ్లు పెండింగు కేసుగా ఉండిపోయాడు.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి నా సలహా ఏమిటంటే, మొదట మీ దగ్గరున్న పాత కాగితాలన్నీ వెతకండి: బెయిలు కాగితం, సమన్లు, వకీలు రసీదు, ఏదైనా సరే, వాటి మీద క్రైమ్ నంబరో సి.సి. నంబరో ఉంటుంది. సంఘటన నాటికి ఊరు ఏ తాలూకాలో, ఏ జిల్లాలో ఉండేదో దరఖాస్తులోనే రాయండి. రికార్డు నకలుతోపాటు పరిశీలన కూడా కోరండి. మనమే వెళ్లి చూస్తామంటే లేదన్న మాట తేలికగా రాదు.

మూడవ కథకు రావడానికి ముందు ఒక మాట గురించి చెప్పాలి. మనం పోకిరీని కేడీ అంటాం. ఆ మాట పోలీసు రిజిస్టరులోనిది. పేరుపడ్డ దోపిడీదారు అని అర్థమిచ్చే రెండు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు అవి. అలాంటివారని అనుకున్న మనుషుల మీద తెరిచే హిస్టరీ షీట్లు స్టేషనులో పోలీసుల అవసరానికి ఉంచుకునేవి, ప్రజలకు చూపేవి కావు. ఎవరి మీద తెరిచారో వారికీ తెలియని సందర్భాలు ఉంటాయి. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, హిస్టరీ షీట్లలో మైనరు పిల్లల వివరాలు ఉండకూడదని చెబుతూ, వెనుకబడిన వర్గాలవారి మీద కేవలం వారి పుట్టుక ఆధారంగా యాంత్రికంగా షీట్లు తెరవకుండా రాష్ట్రాలు జాగ్రత్తపడాలని సూచించింది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైలు రిజిస్టర్ల నుంచి కులం గడిని తొలగించమని ఆదేశించింది.

మా జిల్లాకు ఈ మాటలు పాత గాయం మీద పడతాయి. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 నాటి కొత్త చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. దాని కింద ఎరుకల కుటుంబాలను రిజిస్టరు చేశారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేశారు. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నిర్వహణలో సెటిల్‌మెంటు పెట్టారు. మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో రద్దు చేసింది, దేశమంతటా 1952లో పోయింది. రద్దయిన తరువాతి ఏడాదే, 1948లో, అలవాటుపడ్డ నేరస్థుల పేరుతో మద్రాసులో మరొక చట్టం వచ్చింది. నా మిత్రుడి నాయనమ్మ ఆ సెటిల్‌మెంటులో పుట్టింది. ఆమె పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలియదు. హాజరు పట్టీ రాసినవారికి తెలిసే ఉంటుందన్నది అతని నమ్మకం.

మద్రాసు ప్రభుత్వపు పాత కాగితాలు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో సెంట్రల్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆటోలో చేరుకున్నాం. గుర్తింపు పత్రం, పరిచయ లేఖ, ఏ విషయం మీద చూడదలచామో రాసిన దరఖాస్తు ముందే సిద్ధం చేసుకున్నాం. చదువుకునే గది ప్రశాంతంగా ఉంది. జ్యుడీషియల్, హోం శాఖల ఉత్తర్వుల సూచికలు సంవత్సరాల వారీగా ఉన్నాయి. సెటిల్‌మెంట్ల ఖర్చులు, తనిఖీలు, కుటుంబాల సంఖ్యలు ఉన్న కాగితాలు అడిగిన కొద్దీ తెచ్చి ఇచ్చారు. నిర్వహణకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. కానీ ఆ కాగితాలలో పేర్లు లేవు. ఇంతమంది మగవారు, ఇంతమంది ఆడవారు, ఇంతమంది పిల్లలు అని అంకెలే ఉన్నాయి. పేర్లు రాసిన హాజరు పుస్తకాలు సెటిల్‌మెంటులో, స్టేషనులో ఉండేవి. అవి పై కార్యాలయానికి రాలేదు.

స్టేషన్ల పాత గదులలో, మునసబుల ఇళ్లలో, మిషన్ భవనాల అటకల మీద ఇంకా మిగిలి ఉన్న పుస్తకాలను జిల్లాలు చేతులు మారకముందే ఒక చోటికి చేర్చమని నేను నెల్లూరు, ఒంగోలు కలెక్టర్లకు అర్జీలు పంపాను. మామ కేసు దొరికిన బీరువా మీద 1994 పుస్తకం కింద అంతకంటే పాతవి, అట్టలు ఊడినవి ఇంకా ఉన్నాయి. వాటి మీద ఏ సంవత్సరాలు ఉన్నాయో ఆ రోజు చూడనందుకు ఇప్పుడు బాధపడుతున్నాను.

ఎగ్మోరులో మొదటి రోజు ఉదయం మాకు ఇండెంటు కాగితాలు, అంటే చూడదలచిన రికార్డును కోరే ఫారాలు, ఇచ్చారు. ఉత్తర్వు నంబరు రాయవలసిన గడిలో నా మిత్రుడు తెలియక తన నాయనమ్మ పేరు రాశాడు. బల్ల వెనుక ఉన్న గుమస్తా దానిని కొట్టివేయలేదు. సూచిక తిప్పి, ఆ పేరు పక్కనే తన చేత్తో నంబరు రాసి, కాగితం లోపలికి పంపాడు.